ఆలస్యముగా అమ్మిన పాత ఇల్లు – తిరిగి రావలసిన పన్ను

గోదావరి ప్రాంతమున ఇల్లు కొనుటకు ముహూర్తము చూతురు. అమ్ముటకు మాత్రము మనస్సు సమాధానపడు దినము కొరకు వేచియుందురు. అందుచేతనే కొనుట తొందరగాను, అమ్ముట ఆలస్యముగాను జరుగుచుండును. నిడదవోలు జంక్షనులో రైలు దిగి ఊరిలోనికి నడచువారికి తాళము వేసియున్న ఇండ్లు కొన్ని కనబడును. అరుగుమీద ఆకులు రాలియుండును; పెరటిలోని కొబ్బరిచెట్లు మాత్రము తమ పాటికి తాము కాయుచునే యుండును. యజమాని హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, లండనులోనో ఉండును. ఇల్లు అమ్ముదురా యని ప్రక్కయింటివారు అడిగినచో, "వచ్చే వేసవికి చూద్దాములెండి" అని ఫోనులో సమాధానము వచ్చును. అట్టి వేసవులు రెండు మూడు గడచిపోవును.

ఈ జాప్యము వలన మన దేశములో సాధారణముగా కలుగు నష్టము స్వల్పమే. ఇంటిపన్ను కట్టుచుండవలెను, వానకాలమునకు ముందు పైకప్పు చూపించుకొనవలెను. కాని ఆ యజమాని బ్రిటనులో ఇల్లు కొనినచో, నిడదవోలులోని ఆ తాళము వేసిన ఇల్లు అచ్చటి పన్నుల లెక్కలోనికి వచ్చును. లక్షల రూపాయల అదనపు పన్నుకు కారణము కావచ్చును. ఆ పన్నును తిరిగి రాబట్టుకొనుటకు అచ్చటి చట్టము ఒక దారి చూపినది. ఆ దారికి ఒక గడువు విధించినది. గడువు దాటినవారిలో కొందరికి మాత్రము మరియొక చిన్న ద్వారము తెరచియుంచినది. బిడ్డలు దూరదేశమునందున్న తలిదండ్రులకును, ఆ బిడ్డలకును ఈ మూడు సంగతులు తేటపడునట్లు చెప్పుట మా ఉద్దేశము.

ముందుగా పన్ను సంగతి. మన ఆంధ్రప్రదేశములో ఇల్లు కొనినవారు స్టాంపు డ్యూటీ నూటికి 5 చొప్పునను, బదిలీ సుంకము 1.5 చొప్పునను, రిజిస్ట్రేషను రుసుము 1 చొప్పునను, మొత్తము నూటికి ఏడున్నర రూపాయలు చెల్లింతురు. కొనువానికి అంతకు ముందు ఇల్లు ఉన్నను లేకున్నను ఈ లెక్క మారదు. ఇంగ్లండు, ఉత్తర ఐర్లండులలో ఇటువంటి పన్నునే స్టాంపు డ్యూటీ లాండ్ టాక్సు అందురు. అచ్చట మాత్రము, కొనువానికి మరియొక ఇల్లు కలదా అను ప్రశ్న ముఖ్యమైనది. ఒకటికంటె ఎక్కువ ఇండ్లు కొనువారి పోటీ వలన తొలి ఇల్లు కొనదలచినవారికి ఇండ్లు అందుబాటులో లేకపోవుచున్నవను ఆందోళన ఆ దేశమున ప్రబలియుండెను. అందుచేత 2015 నవంబరు 25న ఆర్థికమంత్రి జార్జి ఆస్బర్న్ ఒక ప్రకటన చేసెను. దాని ననుసరించి 2016 ఏప్రిల్ 1 నుండి, ఇల్లు ఉండగా మరియొక ఇల్లు కొనినవారు మామూలు పన్నుపైన నూటికి 3 చొప్పున అదనముగా చెల్లించవలసి వచ్చెను. 2024 అక్టోబరు 31 నుండి ఆ అదనము నూటికి 5కు పెరిగెను.

ఒక లెక్క వేసి చూతము. మనవాడొకడు ఇంగ్లండులో 3,00,000 పౌండ్లకు ఇల్లు కొనెననుకొందము. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన మామూలు రేట్ల ప్రకారము మొదటి 1,25,000 పౌండ్లకు పన్ను లేదు. తరువాతి 1,25,000 పౌండ్లకు నూటికి 2 చొప్పున 2,500 పౌండ్లు. మిగిలిన 50,000 పౌండ్లకు నూటికి 5 చొప్పున మరి 2,500 పౌండ్లు. వెరసి 5,000 పౌండ్లు. కాని అతనికి అంతకు ముందే ఒక ఇల్లుండి, ఈ అదనపు పన్ను వర్తించినచో, మొత్తము వెలమీద నూటికి 5 చొప్పున మరి 15,000 పౌండ్లు కలియును. అనగా 20,000 పౌండ్లు చెల్లించవలెను. పౌండుకు నూరు రూపాయలు మాత్రమే వేసికొన్నను అదనపు భాగమొక్కటియే 15 లక్షల రూపాయలు! ఒక మధ్యతరగతి కుటుంబమునకు ఇది చిన్న మొత్తము కాదు.

"ఇల్లు ఉన్నది నిడదవోలులో గదా, దానితో లండనువారికేమి పని?" అని ఎవరైనను అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ చట్టము ప్రపంచమున ఎచ్చటనున్న ఇంటినైనను లెక్కించును. కొనువానికి ఆ ఇంటియందుగల హక్కు విలువ 40,000 పౌండ్లు, లేక అంతకు మించియున్నచో అది ఇల్లుగానే పరిగణింపబడును. పౌండుకు నూరు చొప్పున చూచిన ఇది 40 లక్షల రూపాయలు. అసలు మారకపు ధరను బట్టి ఇంకను ఎక్కువ. చిన్న పెంకుటింటిలో మూడవ వంతు వాటా ఉన్నవానికి ఈ చిక్కు రాకపోవచ్చును. స్టేషనుకు సమీపమున మేడ ఉన్నవానికి తప్పక రావచ్చును.

ఇచ్చట మన కుటుంబములకు ప్రత్యేకముగా సంబంధించిన మూడు సంగతులు గలవు.

మొదటిది, ఇల్లు ఎవరి పేర నున్నదనుట. ఇల్లు తండ్రిగారి స్వార్జితమై, ఆయన పేరనే యున్నంతకాలము కుమారునికి అది లెక్కకు రాదు. ఆయన వీలునామా వ్రాసియుంచినను ఆయన జీవించియున్నంతవరకు కుమారునికి హక్కు సంక్రమింపదు. కాని ఆయన వాత్సల్యముతో సబ్ రిజిస్ట్రారు కచేరికి పోయి కుమారుని పేర దానసెటిల్మెంటు దస్తావేజు రిజిస్టరు చేయించినచో ఆ దినముననే హక్కు కుమారునిది. వీలునామాకును, సెటిల్మెంటుకును గల భేదము మన యిండ్లలో తరచు చర్చకు వచ్చునదే. ఆ భేదమునకు సముద్రమునకు ఆవల కూడ ఒక ఫలితము కలదని ఎరుగుట మంచిది.

రెండవది, భార్య ఆస్తి. వివాహము చేసికొని కలిసియున్న దంపతులను ఆ చట్టము ఈ విషయమున ఒకటిగా చూచును. పుట్టింటివారు పసుపు కుంకుమల క్రింద కుమార్తెకు ఇల్లు ఇచ్చియున్నచో, అల్లుడు తన ఒక్కని పేరనే ఇంగ్లండులో ఇల్లు కొనినను, భార్య పేర నున్న ఆ ఇల్లు లెక్కలోనికి వచ్చును. "అది ఆమెది, నాది కాదు" అను సమాధానము చెల్లదు.

మూడవది, వారసత్వము. తండ్రిగారి అనంతరము ఇల్లు అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు కలిసి సంక్రమించినప్పుడు, ఒకరి వాటా సగమునకు మించకున్నచో, సంక్రమించిన మూడు సంవత్సరముల వరకు ఆ వాటాను లెక్కింపరు. ఏకైక సంతానమై ఇల్లంతయు ఒక్కరికే వచ్చినచో ఈ సడలింపు లేదు.

ఇక పన్ను తిరిగి వచ్చు మార్గము. పాత ఇంటిని విడిచి కొత్త ఇంటిలోనికి మారువాడు రెండవ ఇల్లు కూడబెట్టుకొనువాడు కాడు. అతడు మారుచున్నాడు, అంతే. అయితే కొనుట, అమ్ముట ఒకే దినమున జరుగుట దుర్లభము. అందుచేత చట్టము, "ముందు అదనము చెల్లింపుము; పాత ఇంటిని మూడు సంవత్సరములలో అమ్మివేసినచో ఆ అదనము తిరిగి యిత్తుము" అని చెప్పినట్లుగా ఏర్పాటు చేసినది. తిరిగి వచ్చునది అదనపు భాగము మాత్రమే. పై లెక్కలో 15,000 పౌండ్లు తిరిగి వచ్చును. మామూలు పన్ను 5,000 పౌండ్లు ప్రభుత్వమునకే చెందును.

దీనికి నిబంధనలు కలవు. కొత్త ఇల్లు కొనువాని ముఖ్య నివాసముగా ఉండుటకు ఉద్దేశింపబడినదై యుండవలెను. అద్దెకిచ్చుటకు కొనినది పనికిరాదు. అమ్మిన పాత ఇల్లు, కొత్త ఇల్లు కొనిన దినమునకు ముందు మూడు సంవత్సరములలో ఎప్పుడైనను అతనికి ముఖ్య నివాసమై యుండవలెను. అమ్మిన తరువాత ఆ ఇంటియందు అతనికి గాని, అతని భార్యకు గాని హక్కు మిగిలియుండరాదు. కనుక సగము వాటాను భార్య పేర వ్రాసి, "అమ్మివేసితిని" అనుట కుదరదు. 2017 నవంబరు 22 నుండి చట్టము ఈ సందును మూసివేసినది.

రెండవ నిబంధనను శ్రోతలు మరల ఒకసారి గమనింపవలెను. 2023లో నిడదవోలులోని తన సొంత ఇంటినుండి భార్యాబిడ్డలతో బయలుదేరి ఇంగ్లండు చేరి, 2025లో అచ్చట ఇల్లు కొనిన ఇంజనీరును ఊహింతము. పాత ఇల్లు అతడు నివసించిన ఇల్లే. దానిని మూడు సంవత్సరములలో అమ్మినచో పన్ను తిరిగి వచ్చును. అట్లుగాక, పది సంవత్సరములుగా ఇంగ్లండులోనే యున్న మరియొకనికి తలిదండ్రులు తాము కాపురముండు ఇంటిని సెటిల్మెంటు వ్రాసియిచ్చిరనుకొందము. ఆ ఇంటిలో అతడు ఆ మూడు సంవత్సరములలో నివసింపలేదు. అతడు లండనులో ఇల్లు కొనినప్పుడు అదనపు పన్ను పడును. తరువాత ఆ ఇంటిని అమ్మినను ఒక్క పౌండు కూడ తిరిగి రాదు. ఈ భేదము తెలియక, పన్ను తిరిగి వచ్చునన్న ఆశతో తలిదండ్రుల నీడను అమ్మివేయుట ఎంత అనర్థము!

ఇక గడువు సంగతి. కొత్త ఇల్లు చేతికి వచ్చిన దినమునకు మరునాటి నుండి మూడు సంవత్సరములు లెక్కింతురు. 2025 మార్చి 10న కొనిన ఇల్లైనచో పాత ఇల్లు 2028 మార్చి 10 లోగా అమ్ముడుపోయి యుండవలెను. ఇచ్చట "అమ్ముట" అను మాటకు మన వాడుకలోని అర్థము చాలదు. మన ప్రాంతమున బేరము కుదిరి, అగ్రిమెంటు వ్రాసికొని, అడ్వాన్సు పుచ్చుకొన్నచో "ఇల్లు అమ్మేశాము" అని బంధువులందరికిని చెప్పుదుము. అగ్రిమెంటు గడువు ఆరు మాసములుండును, అది దాటును, వెనుక పుటమీద మరి మూడు మాసములు పొడిగించినట్లు వ్రాయుదురు. కాని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకము రిజిస్టరైన పత్రము వలననే జరుగవలెను. అగ్రిమెంటు మాత్రమున ఆస్తిపై హక్కు మారదు. జనరల్ పవరాఫ్ అటార్నీ వ్రాసియిచ్చి, స్వాధీనమప్పగించి, అదియే అమ్మకమనుకొను అలవాటును గూర్చి 2011లో సుప్రీంకోర్టు కూడ అట్టి పత్రములు హక్కును బదిలీ చేయవని స్పష్టముగా తీర్పు చెప్పినది. కనుక లండనులోని అర్జీకి ఆధారము నిడదవోలు సబ్ రిజిస్ట్రారు కచేరిలో రిజిస్టరైన క్రయపత్రమే.

కుమారుడు స్వయముగా రాలేనప్పుడు తండ్రికో, తమ్మునికో పవరాఫ్ అటార్నీ వ్రాసియిచ్చి వారిచేత క్రయపత్రము వ్రాయించుట సరియైన పద్ధతియే. బ్రిటనులోని భారత హైకమిషను లేక కాన్సులేటు అధికారి యెదుట సంతకము చేసిన ఆ పత్రము మన దేశమునకు చేరిన మూడు మాసములలోగా దానికి ఇచ్చటి స్టాంపు వేయించవలెను. ఈ పనిని చివరి నెలకు వదలినవారు తొట్రుపడుదురు. నిడదవోలువారికి మరియొక చిన్న సంగతి కూడ కలదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నిడదవోలు పశ్చిమ గోదావరి జిల్లానుండి తూర్పు గోదావరి జిల్లాకు మారెను. పాత దస్తావేజులో ఒక జిల్లా పేరు, కొత్త క్రయపత్రములో మరియొక జిల్లా పేరు ఉండును. ఊరెరుగని దూరదేశపు అధికారికి ఇవి రెండు వేరు ఇండ్లుగా తోచవచ్చును. అర్జీతోపాటు ఈ మార్పును ఒక వాక్యములో వివరించి వ్రాయుట మేలు.

మూడు సంవత్సరములు దాటిపోయినచో ఏమగును? చాల కాలము వరకు ఏమియు చేయుటకు వీలులేకుండెను. ఒక్క దినము దాటినను పన్ను పోయినట్లే. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి ఇండ్ల అమ్మకములు నిలిచిపోయినప్పుడు, ఆ సంవత్సరపు ఫైనాన్సు చట్టముద్వారా ఒక సడలింపు కల్పించిరి. 2017 జనవరి 1న, లేక తరువాత కొత్త ఇల్లు కొనినవారు, ముందుగా ఊహింపరాని అసాధారణ పరిస్థితుల వలన మూడు సంవత్సరములలో పాత ఇంటిని అమ్మలేకపోయినచో, ఆలస్యముగా అమ్మినను అదనపు పన్ను తిరిగి పొందుటకు అర్జీ పెట్టుకొనవచ్చును. అయితే మూడు విషయములు ఋజువు కావలెను. ఆ పరిస్థితి లేకున్నచో గడువులోగా అమ్మియుండెడివారే యని చూపవలెను. ఆ పరిస్థితి ముందుగా ఊహింపరానిదై యుండవలెను. అడ్డంకి తొలగిన పిమ్మట ఆలసింపక అమ్మియుండవలెను.

కోవిడ్ కారణముగా అమ్మకము ఆగిపోవుట, ప్రభుత్వ సంస్థ యేదైన తీసికొనిన చర్య వలన అమ్మకమునకు ఆటంకము కలుగుట – ఇట్టివానిని అచ్చటి పన్నుల శాఖ ఉదాహరణములుగా చెప్పినది. ధర పెరుగునని ఆగుట, మనసు మార్చుకొనుట ఈ కోవలోనికి రావు.

రెండు కుటుంబములను ఊహించి చూతము. ఇరువురును 2018 ఫిబ్రవరిలో ఇంగ్లండులో 3,00,000 పౌండ్ల చొప్పున ఇండ్లు కొనిరి. అప్పటి రేటు నూటికి 3 కనుక ఒక్కొక్కరు 9,000 పౌండ్లు అదనముగా చెల్లించిరి. ఇరువురి గడువును 2021 ఫిబ్రవరితో ముగిసెను. మొదటివారు 2020 ఫిబ్రవరిలో నిడదవోలులోని తమ ఇంటికి అగ్రిమెంటు వ్రాసికొని, ఏప్రిల్ మాసమునకు విమానపు టిక్కెట్లు కొనియుంచిరి. మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చెను. ఆ మార్చిలోనే నిలిచిపోయిన మామూలు అంతర్జాతీయ విమానములు 2022 మార్చి 27 వరకు పూర్తిగా పునరుద్ధరింపబడలేదు. కొనువాడు సొమ్ము సమకూర్చుకొనలేక వెనుదీసెను. వారు మరియొకనిని వెదకి, పవరాఫ్ అటార్నీ పంపి, 2021 ఆగస్టులో క్రయపత్రము రిజిస్టరు చేయించిరి. ఆరు మాసములు ఆలస్యమైనది. కాని వారి చేత అగ్రిమెంటు కలదు, రద్దయిన టిక్కెట్లు కలవు, ఉత్తరప్రత్యుత్తరములు కలవు. అట్టివారి అర్జీకి బలము కలదు.

రెండవవారికి 2019లోనే మంచి బేరము వచ్చెను. ప్రక్కవీధిలోని ఇల్లు ఇంకను ఎక్కువకు పోయెనని విని ఒప్పుకొనలేదు. 2021 వచ్చెను, పోయెను. 2023లో అమ్మి, "కోవిడ్ వలన ఆలస్యమైనది" అని వ్రాసిరి. వారి ఆలస్యమునకు కారణము వ్యాధి కాదు, బేరము. ఒకే దేశము, ఒకే కాలము, ఒకే వ్యాధి. కాని ఒకరి చేతిలో కాగితములు కలవు, మరియొకరి చేతిలో కథ మాత్రమే కలదు. పన్నుల అధికారి కథను వినడు, తేదీలను చూచును.

అర్జీ పెట్టుటకును వేరుగా గడువు కలదు. పాత ఇల్లు అమ్మిన దినమునుండి పన్నెండు మాసములు, లేక కొత్త ఇంటికి పన్ను రిటర్ను దాఖలు చేయవలసిన గడువు దినమునుండి పన్నెండు మాసములు – ఈ రెండింటిలో ఏది తరువాత వచ్చునో అంతలోగా అర్జీ చేరవలెను. మూడు సంవత్సరముల లోపల అమ్మి, ఆ తరువాత పన్నెండు మాసములు ఊరకుండినవాడు కూడ నష్టపోవును. ఇది తనంతట తాను తిరిగి వచ్చు సొమ్ము కాదు, మనము అడుగవలెను. అర్జీలో కొత్త ఇంటి చిరునామా, కొనిన తేదీ, పాత ఇంటి చిరునామా, అమ్మిన తేదీ, దానిని కొనినవారి పేరు, కట్టిన పన్ను, తిరిగి కోరు మొత్తము పేర్కొనవలెను. వీటితో పాటు, కొత్త ఇల్లు కొనినప్పుడు దాఖలు చేసిన రిటర్నుకు ఇచ్చిన పదునొకండు అక్షరముల గుర్తు సంఖ్యను కూడ వ్రాయవలెను. ఆ గుర్తు సంఖ్యగల కాగితమును ఇంటి దస్తావేజులతో కలిపి భద్రపరచుకొనుట మంచి అలవాటు. అర్జీని ఇంటర్నెట్టు ద్వారా గాని, తపాలా ద్వారా గాని పంపవచ్చును. కొనినవారు స్వయముగానే పంపుకొనవచ్చును. ఇందుకు దళారి అవసరము లేదు. "మీకు పన్ను తిరిగి ఇప్పింతుము, వచ్చినదానిలో వాటా ఇండు" అని వచ్చువారిని గూర్చి బ్రిటిష్ పన్నుల శాఖయే ప్రజలను హెచ్చరించినది. తప్పు అర్జీ పెట్టినచో దళారి తప్పుకొనును. పుచ్చుకొన్న సొమ్ము వడ్డీతో తిరిగి కట్టవలసినవాడు ఇంటి యజమానియే.

మేము చెప్పిన నియమములు ఇంగ్లండు, ఉత్తర ఐర్లండులకు సంబంధించినవి. స్కాట్లండు, వేల్సులకు వేరు చట్టములు, వేరు రేట్లు కలవు. స్కాట్లండులో అమ్మకపు గడువు మొదట 18 మాసములుండగా, 2024 ఏప్రిల్ 1 నుండి 36 మాసములుగా చేసిరి. సింగపూరులోను ఇట్టి అదనపు పన్ను కలదు. అచ్చట దంపతులలో ఒకరైనను ఆ దేశ పౌరులై, కట్టడము పూర్తియైన రెండవ ఇంటిని కొని, తొలి ఇంటిని ఆరు మాసములలో అమ్మినచో ఆ పన్ను తిరిగి ఇత్తురు. దేశమును బట్టి గడువు మారును; గడువు ఉండుట మాత్రము మారదు.

మన దేశములోను ఈ ఆలోచనకు దగ్గరి నియమమొకటి ఆదాయపు పన్ను చట్టములో చిరకాలముగా నున్నది. పాత ఇల్లు అమ్మగా వచ్చిన లాభముపై పన్ను పడకుండవలెనన్నచో, అమ్మిన దినమునకు ఒక సంవత్సరము ముందుగాని, రెండు సంవత్సరముల లోపల గాని మరియొక ఇల్లు కొనవలెను. లేదా మూడు సంవత్సరములలో కట్టుకొనవలెను. ఇచ్చట బ్రిటనులోని మనవారు పొరబడు చోటొకటి కలదు. 2014 నాటి ఫైనాన్సు చట్టము ఈ మినహాయింపును భారతదేశములోని ఇంటికి మాత్రమే పరిమితము చేసినది. నిడదవోలు ఇల్లు అమ్మి లండనులో ఇల్లు కొనినవానికి ఈ మినహాయింపు లేదు. 2024 జూలై 23 నుండి దీర్ఘకాలిక లాభముపై పన్ను నూటికి పన్నెండున్నర. పైగా అమ్మువాడు ప్రవాసియైనచో, కొనువాడు సొమ్ము ఇచ్చునప్పుడే పన్నును మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలెను. ఈ సంగతి చివరి దినమున తెలిసి, కొనువాడు జంకి, రిజిస్ట్రేషను వాయిదా పడుట కలదు. తక్కువ మొత్తము మినహాయించునట్లు ఆదాయపు పన్ను శాఖనుండి పత్రము పొందు వీలున్నది గాని, దానికి కొంత కాలము పట్టును. ఆ కాలమును మూడు సంవత్సరముల లెక్కలో ముందే కలుపుకొనవలెను. బ్రిటనులో 15,000 పౌండ్లు తిరిగి వచ్చునని సంతోషించువాడు ఇచ్చట కట్టవలసినదానిని కూడ ప్రక్కన వ్రాసి చూచుకొనవలెను.

ఇన్ని లెక్కలు చెప్పితిమి కాబట్టి, పాత ఇంటిని త్వరగా అమ్మివేయుడని మేము సలహా ఇచ్చుచున్నామని శ్రోతలు అనుకొనరాదు. అమ్మవలెనా, ఉంచుకొనవలెనా అనునది కుటుంబము తేల్చుకొనవలసిన విషయము. తల్లి తన చివరి దినములు ఆ ఇంటిలోనే గడపదలచినచో, 15 లక్షలు వదలుకొని ఇంటిని ఉంచుకొను కుమారుడు వెఱ్ఱివాడు కాడు. కాని తెలిసి వదలుకొనుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు. మొదటిది నిర్ణయము; రెండవది నష్టము.

కనుక మా మనవి ఇంతే. పిల్లల పేర ఇల్లు వ్రాయదలచిన తలిదండ్రులు, దస్తావేజు లేఖరి వద్దకు పోవుటకు ముందు, దూరదేశములో ఇల్లు కొను ఆలోచన ఉన్నదా యని పిల్లలను ఒక్కమాట అడుగవలెను. ఇంగ్లండులో ఇల్లు కొనిన పిల్లలు కొనిన తేదీని, దానికి మూడు సంవత్సరముల తరువాతి తేదీని ఒక కాగితముపై వ్రాసి నిడదవోలుకు పంపవలెను. ఇచ్చటివారు దానిని గోడ క్యాలెండరు ప్రక్కన తగిలించుకొనవలెను. బేరములు వచ్చినప్పుడు, "వచ్చే వేసవికి చూద్దాము" అనుటకు ముందు ఆ కాగితమువైపు ఒకసారి చూచినచో చాలును.